పోటు లేని సముద్రం

రాజోలు దగ్గర ఒక ప్రైవేటు స్కూల్లో నేను సోషల్ చెబుతాను. పద్దెనిమిదేళ్ళుగా చెబుతున్నాను కాబట్టి పుస్తకం తెరవకుండానే చెప్పగలనన్న పొగరు కొంచెం ఉంది. మా ఆయన దాన్ని పొగరనే అంటారు, నేను అనుభవం అంటాను. ప్రతి ఏడూ ఒకరోజు బోర్డు మీద ‘భూపరివేష్టిత దేశం’ అని రాస్తాను. చుట్టూ నేలే తప్ప ఒక్క వైపు కూడా మహాసముద్రం తగలని దేశమని అర్థం చెబుతాను. మా పిల్లలకి అది ఒక పట్టాన బుర్రకెక్కదు. ఇంటి ముందు పంటకాలవ, వెనక బోదెకాలవ, అటు గోదావరి, ఇటు సముద్రం. వాళ్ళకి ఆ దేశం తలుపుల్లేని ఇల్లులా అనిపిస్తుంది కాబోలు.

మూడేళ్ళ కిందట ఒక పిల్ల లేచి నిలబడింది.

"మరి వాళ్ళ నదులు ఎక్కడికెళ్తాయండి టీచర్?"

"కొన్ని ఇసకలో ఇంకిపోతాయి. కొన్ని ఉప్పు సరస్సుల్లో కలుస్తాయి."

"కలిసేక ఎక్కడికెళ్తాయండి?"

"ఎక్కడికీ వెళ్ళవు. అక్కడే ఆవిరైపోతాయి."

ఆ పిల్ల కూర్చుంది గాని మొహం చిన్నబుచ్చుకుంది. అంతర్వేదిలో గోదావరి సముద్రంలో కలిసే చోటికి ఏడాదికోసారైనా వెళ్ళొచ్చే పిల్ల. కలవాల్సిన నది కలవకుండా చచ్చిపోవడం దానికి నచ్చలేదు. నాకూ నచ్చదు గాని సిలబస్సు నన్ను అడిగి రాయలేదు కదా. "భూపరివేష్టిత దేశాల్లోకెల్లా పెద్దది కజకిస్తాన్. దానికి ఒక పక్కన కాస్పియన్ ఉంది. పేరుకే సముద్రం, నిజానికి సరస్సు. మహాసముద్రంతో దానికి దారి లేదు. కాబట్టి అందులో మన దగ్గరలా నీరెక్కే పోటూ, దిగే పాటూ ఉండవు. రాసుకోండి" అన్నాను. పిల్లలు రాసుకున్నారు. ఈ మాటలు నేను నా నోటితో చెప్పినట్టు ఆ తరగతిలో ముప్ఫయి నోటుపుస్తకాలు సాక్ష్యం.

పోటు సంగతి నేను పుస్తకంలో చదువుకున్నది కాదు. మా నాన్న గోదావరి సముద్రంలో కలిసే మొగ దగ్గర పడవ నడిపేవారు. గడియారం పెట్టుకునేవారు కాదు. పొద్దున్నే ఎడమచేతి వేళ్ళ కణుపుల మీద బొటనవేలితో తిథులు లెక్కపెట్టుకునేవారు. అమావాస్యకీ పున్నానికీ మా రేవులో తొమ్మిదింటికి పోటు నిండుతుంది. అక్కణ్ణుంచి తిథికి రెండు గడియల చొప్పున ఆలస్యమవుతుంది. ఎన్ని కణుపులో అన్ని రెళ్ళు. గడియంటే ఇరవై నాలుగు నిమిషాలు. ఇది నాకు ఎక్కాలకంటే ముందు వచ్చింది. పెళ్ళయ్యేక కూడా పొద్దున్న పాలు పొయ్యి మీద పెట్టి, క్యాలెండరు వైపు చూసి, బొటనవేలు కణుపుల మీద నడిపించడం మానలేదు. దేనికని అడిగితే చెప్పలేను. కొందరు తులసికి దణ్ణం పెట్టుకుంటారు, నేను లెక్కపెట్టుకుంటాను.

మా ఆయనది అంబాజీపేట వైపు. కొబ్బరికాయ తప్ప నీళ్ళ సంగతి తెలియని కుటుంబం. పెళ్ళైన కొత్తలో మా పుట్టింటికి వచ్చి, సరదాపడి నాన్న పడవ తీసుకుని దిండి దాకా వెళ్ళి, పోటు మీద ఉన్నప్పుడు దాన్ని రేవు గుంజకి బిర్రుగా కట్టేసి టీ తాగడానికి పోయారు. తిరిగొచ్చేసరికి నీరు దిగిపోయి, పడవ ముక్కు తాడుకి వేలాడుతూ ఉంది. నాన్న నవ్వి నవ్వి దగ్గారు. ఆరోజు నించీ మా ఆయన నీళ్ళ దగ్గరికి నన్నడక్కుండా వెళ్ళరు. "మా ఆవిడే నా పంచాంగమండి" అని నలుగురిలో అంటారు. వేళాకోళంగానే అంటారు గాని, నమ్మకంగా కూడా అంటారు. నాకది గొప్పగా ఉండేది.

ఆయన వెల్డరు. గల్ఫులో పదేళ్ళు చేశారు. తరవాత ఆ కంపెనీయే కాస్పియన్ ఒడ్డున పైపులైను పనికి పంపించింది. కజకిస్తాన్ అని ఫోనులో చెప్పగానే నాకు నవ్వొచ్చింది. "అది నా పాఠమండి!" అన్నాను. "అయితే నీ పాఠంలో చలి గురించి ఏం రాసేరో చూసి పెట్టు" అన్నారు.

చలి గురించి రాశారు. మిగతావి రాయలేదు. ప్రతి ఆదివారం పొద్దున్న ఆయన వీడియో కాల్ చేసేవారు. వాళ్ళ గడియారం మనకంటే అరగంటే వెనక. ఆ అరగంట తేడా ఎంత చిన్నదో, అవతల కనిపించేది అంత దూరంగా ఉండేది. ఒక్క చెట్టు లేదు. కొండ లేదు. ఫోను చుట్టూ తిప్పి చూపిస్తే ఎటు తిప్పినా ఒకటే గీత, పైన ఆకాశం, కింద గోధుమరంగు గడ్డి. ఎక్కడ తిప్పడం మొదలుపెట్టారో ఎక్కడ ఆపారో నాకు తెలిసేది కాదు. "ఎదర నించి లారీ వస్తే కనపడతాది గాని, మన దగ్గరికి రావడానికి గంట పడతాదే. వస్తానే ఉంటాది, రాదు" అన్నారోసారి.  

చలికాలంలో మంచు పడేది కాదు, నేలబారున పాకేది. గాలికి పొడిపొడిగా, పాముల గుంపు వెళ్తున్నట్టు రోడ్డు దాటేది. ఎండాకాలంలో నేల తెల్లగా పొక్కిలేచేది. అది ఉప్పు. గాలి లేస్తే ఆ ఉప్పే ధూళిలా ఎగిరి క్యాంపు కిటికీలకి పట్టేది. మధ్యాహ్నం వేళ దూరంగా కొబ్బరితోట, దాని కింద నీళ్ళు కనపడేవని చెప్పారు. ఒకసారి ఫోనులో చూపించారు కూడా. నాకేమీ కనపడలేదు. "అదిగోనే, వరసగా, మన వీధి చివరలాగే" అంటారు. కెమెరాకి కనపడనిది ఈయనకి ఎలా కనపడుతోందో అర్థం కాక, "మంచినీళ్ళు ఎక్కువ తాగండి" అని మాట మార్చాను.

సముద్రం ఒడ్డున ఒక పాత జెట్టీ ఉండేది. జెట్టీ ఉంది గాని నీళ్ళు లేవు. కాళ్ళు బయటపడి ఇసకలో నిలబడి ఉంది. ఏడాదికేడాది సముద్రం లోపలికి పోతోందని అక్కడివాళ్ళు అంటారట. పైగా ఆ సముద్రం నీటిమట్టం ప్రపంచంలోని మహాసముద్రాలన్నిటికంటే కిందుగా ఉంటుంది. నేను పాఠంలో చెప్పేదే, కానీ మా ఆయన దాని పక్కన నిలబడి మాట్లాడుతుంటే వేరుగా ఉండేది. ఇక్కడ మా ఇంటి గడప సముద్రానికి ఎన్నో అడుగులు ఎత్తు లేదు, పెద్ద పోటుకి నూతిలో నీళ్ళు ఉప్పదేరతాయి. ఆయన నాకంటే కింద, అన్ని మహాసముద్రాలకంటే కింద, గోతి అడుగున నిలబడి "టిఫినేంటే ఇవాళ?" అని అడుగుతున్నట్టు ఉండేది.

ఆ ఆదివారం మంచు కరిగి కొన్నాళ్ళయింది. మా అత్తగారు వంటింటి గుమ్మంలో కూర్చుని పనసపొట్టు కొడుతున్నారు. ఎనిమిదింటికి ఫోను మోగింది. మా ఆయన మొహం చలికి ఎర్రగా ఉంది, కళ్ళు మాత్రం చిన్నపిల్లాడిలా ఉన్నాయి.

"ఒసేయ్, సముద్రం లేదే!"

"లేకపోవడమేంటండి?"

"ఆయ్, నిజం. మూడ్రోజులయింది తూర్పుగాలి కొడతాంది. ఇవాళ సెలవు కదాని వచ్చి చూస్తే ఖాళీ. చూడు."

ఫోను తిప్పారు. నేను అంతకుముందు నీళ్ళు చూసిన చోట బురద మెరుస్తోంది. అలల గుర్తులు గీతలు గీతలుగా అలాగే ఉండిపోయాయి, నీరే లేదు. చూపు ఆనినంత దూరం అదే. చాలా లోపల ఒక ఇనప పడవ తుప్పుపట్టి పక్కకి ఒరిగి ఉంది. చప్పుడు లేదు. గాలి హోరు తప్ప అలల చప్పుడు బొత్తిగా లేదు. సముద్రపు ఒడ్డున అలల చప్పుడు లేకపోవడం నేనెప్పుడూ వినలేదు. ఒళ్ళు గగుర్పొడిచింది. ఆ గగుర్పాటుని ఒప్పుకోవడం ఇష్టంలేక కాబోలు, గట్టిగా నవ్వాను.

"ఏం లేదండీ, పాటు! నీరు దిగింది, అంతే. దానికింత హడావిడా?"

"ఇంత దూరం దిగుతాదా?"

"పెద్ద సముద్రం కదండీ. ఉండండి, లెక్క చెప్తాను."

క్యాలెండరు చూశాను. సప్తమి. బొటనవేలు దానంతటదే కదిలింది. ఏడు కణుపులు, పద్నాలుగు గడియలు, అంటే అయిదున్నర గంటలు. తొమ్మిదికి కలిపితే మధ్యాహ్నం రెండున్నరకి నిండు పోటు. ఎనిమిదిన్నర దాకా నీరు దిగుతూనే ఉంటుంది, తరవాత తిరిగినా పన్నెండు లోపల మోకాలు దాటదు. అరగంట తేడా కూడా తీసేశాను. అంత తెలివి నాది.

ఒక్క క్షణం అనుమానం వచ్చింది. ఇది రాయకపోతే ఇదంతా రాసి ప్రయోజనం లేదు. సప్తమి అష్టములకి నీరు నీరసంగా ఉంటుంది, ఎక్కువ దిగదు, ఎక్కువ ఎక్కదు. అమావాస్యకి పోవాల్సినంత దూరం సప్తమికి ఎందుకు పోయింది? నాన్న ఉంటే ఆ ప్రశ్న దగ్గర ఆగిపోయేవారు. నేను ఆగలేదు. అక్కడ మా ఆయన నా మాట కోసం కాచుకుని ఉన్నారు, "పంచాంగం ఏమంటాదండీ?" అని వెక్కిరిస్తూ.

"మీ గడియారంలో పదకొండున్నర దాకా భయం లేదండి. నిక్షేపంగా వెళ్ళి చూసి రండి. ఆ పడవ దగ్గర గవ్వలో చిప్పలో ఉంటాయి, నాలుగు ఏరి తెండి. సముద్రం లేని దేశంలో సముద్రపు చిప్ప అని మా పిల్లలకి చూపిస్తాను."

నేనే పంపించాను. ఆయన పడవ దాకా వెళ్ళాలని అనలేదు.

తొమ్మిదిన్నరకి మళ్ళీ చేశారు. అప్పటికి పడవ దగ్గరికి వెళ్ళిపోయారు. ఒడ్డు ఒక సన్నగీతలా కనపడుతోంది. బురద గట్టిగానే ఉందట, గంటలో నడిచేశానన్నారు. చిప్పలు ఒకటి రెండు ఫోనుకి దగ్గరగా పెట్టి చూపించారు. అప్పుడు నాకు సన్నగా ఒక చప్పుడు వినపడింది.

"ఏంటండీ అది? హారనా?"

ఆయన వెనక్కి తిరిగి చూశారు. "ఆయ్, క్యాంపు డ్రైవరు. ఒడ్డున బండి పెట్టుకుని ఊరికే కొడతాన్నాడు. ముసలాడు, ప్రతిదానికీ కంగారు."

"పట్టించుకోకండి. ఇంకా రెండు గంటలు పైనే ఉంది."

ఆ మాట కూడా నాదే.

తరవాత గాలి ఆగింది. అది నాకు ఫోనులో తెలిసింది. అప్పటిదాకా ఆయన గొంతు వెనకాల ఉన్న హోరు ఠక్కున పోయింది. హారను ఒక్కటే మిగిలింది, స్పష్టంగా, ఆపకుండా. "గాలి పడిపోయిందే" అన్నారు ఆయన. ఫోను నేల వైపు వాల్చారు. బురదలో ఆయన బూటు అచ్చు ఉంది. అందులో నీరు ఊరుతోంది. నేను చూస్తుండగానే పక్క అచ్చులోనూ ఊరింది. అల రాలేదు. ఎదురుగా ఏమీ రాలేదు. నేల మొత్తం ఒక్కసారి చెమర్చినట్టు మెరిసింది, ఒడ్డుకీ ఆయనకీ మధ్య, వెనక వైపు కూడా.

"ఏవండీ, బయల్దేరండి!"

"పదకొండున్నర అన్నావు కదే" అన్నారు. తప్పు పట్టడం కాదు. లెక్క అర్థం కాని పిల్లాడు మేష్టార్ని అడిగినట్టు అడిగారు. ఫోను ఆగిపోయింది.

మళ్ళీ చేస్తే కలవలేదు. అప్పుడు గుర్తొచ్చింది నాకు. మహాసముద్రంతో దారి లేదు. పోటూ పాటూ ఉండవు. రాసుకోండి. అక్కడి నీటికి చంద్రుడితో పని లేదు. దాన్ని తోలుకుపోయింది గాలి, గాలి ఆగింది కాబట్టి తిరిగొస్తోంది. మా ఊళ్ళో తూర్పుగాలి నీటిని ఒడ్డుకి తెస్తుంది, అక్కడ తూర్పుగాలి ఒడ్డు మీంచి తీసుకుపోతుంది. పద్దెనిమిదేళ్ళు చెప్పిన పాఠం ఏడు కణుపులు లెక్కపెట్టేసరికి ఎటు పోయింది? చదువుకున్నది పైన పొర, మా నాన్న నేర్పింది లోపలి పొర. అవసరానికి లోపలిదే పైకొచ్చింది, అదే ముంచింది.

గుమ్మంలో కత్తి చప్పుడు ఆగలేదు. "ఏమంటాన్నాడే వాడు?" అని అడిగారు మా అత్తగారు తల ఎత్తకుండానే. "సిగ్నలు పోయిందండి" అన్నాను. పనసపొట్టు కూర తిరగమోత నేనే పెట్టాను. ఆవగింజలు చిటపటలాడేవరకు గరిటె పట్టుకుని నిలబడ్డాను. ఆయన్ని పంపించిన కంపెనీ ఏజెంటుకి ఫోను చేస్తే కనుక్కుంటానండి అన్నాడు. మళ్ళీ చేస్తే ఆదివారం కదండి అన్నాడు. అతన్ని నోటికొచ్చినట్టు తిట్టాను. పాపం, అతనేం చేశాడు?

రెండింటికి ఇంట్లో ఉండలేక దొడ్లోకి వెళ్ళాను. మా దొడ్డి వెనక పోటునీరు ఎక్కే కాలవ ఉంది. రేవుకి అయిదు మెట్లు. సప్తమికి నీరు మూడో మెట్టు దాకా వచ్చి ఆగుతుంది. కూర్చుని చూస్తున్నాను. నీరు నెమ్మదిగా, ఎవరూ తోలకుండా, అటువైపు మొగ నించి ఇటు ఎక్కుతోంది. ఒక ఎండు కొబ్బరాకు దాని మీద తేలుతూ కాలవ వాలుకి ఎదురు నడుస్తోంది. రెండున్నర అయ్యేసరికి మూడో మెట్టు తడిసింది. కొబ్బరాకు ఆగింది. నీరు కదలకుండా నిలబడింది, ఏమంటావన్నట్టు నా వైపు చూస్తూ.

నా లెక్క ఒక్క నిమిషం కూడా తప్పలేదు. నన్ను భయపెట్టింది అదే. తప్పితే ఏడ్చేదాన్ని. అంత సరిగ్గా వచ్చేసరికి ఏడుపు కూడా రాలేదు. ఆ కాలవ నా పనివాడిలా వచ్చి, నువ్వు చెప్పిన వేళకే వచ్చాను చూడు అని నిలబడితే, దాని మొహం చూడలేక లోపలికి వచ్చి తలుపేసుకున్నాను.

ఆ రాత్రి సంగతి రాయను.

మర్నాడు పొద్దున్న స్కూలుకి వెళ్ళాను. ఇంట్లో ఉంటే మా అత్తగారు నా మొహం చదివేస్తారని వెళ్ళాను. ప్రార్థన అయ్యేక తెలియని నంబరు నించి ఫోను. ఎవరో నాకు రాని భాషలో రెండు మాటలు అన్నారు. తరవాత మా ఆయన గొంతు. "బాగానే ఉన్నానే. పడవెక్కి కూర్చున్నాను. కాళ్ళే కొంచెం" అన్నారు.  నీరు పడవ అంచు దాకా వచ్చి ఆగిందట. ఒంటి మీద తడిబట్టలతో రాత్రంతా ఆ ఒరిగిన ఇనుము మీద ఉన్నారు. పొద్దున్న ఆ ముసలి డ్రైవరు ఎత్తు చక్రాల బండి తీసుకుని నీళ్ళలోంచి వెళ్ళి దింపుకొచ్చాడు.

అక్కడ ఆసుపత్రిలో ఎడమకాలి చివరి రెండు వేళ్ళు తీసేశారు. చలికి చచ్చుబడిపోయాయి. రెండు నెలలకి ఇంటికొచ్చారు. పెట్టె తెరిచి, సాక్సులో చుట్టిన నాలుగు చిప్పలు నా చేతిలో పెట్టారు. గోరంత ఉన్నాయి, పల్చగా, తెల్లగా. "పిల్లలకి చూపిస్తానన్నావు కదా" అన్నారు. రాత్రంతా అవి జేబులోనే ఉన్నాయట.

ఇంటికి ఎవరొచ్చినా ఆ కథ చెప్పేవారు. బాగా చెప్పేవారు కూడా. సముద్రం ఎలా మాయమయిందో, బూటు అచ్చులో నీరెలా ఊరిందో, రాత్రి నీటికింద పాత పడవ ఎలా మూలిగిందో. "మోసం చేసేసిందండి సముద్రం" అని ముగించేవారు. కథలో ఎక్కడా నేను ఉండను. క్యాలెండరు ఉండదు, కణుపులు ఉండవు. మా అత్తగారు ప్రతిసారీ కొత్తగా విన్నట్టు కొంగుతో కళ్ళొత్తుకుని, "వెళ్ళొద్దని చెప్పేవాళ్ళే లేకపోయేరా అక్కడ?" అంటారు. ఒకసారి మా ఆయన పొరపాటున జవాబు చెప్పారు.

"ఆ డ్రైవరు చెప్పేడమ్మా. ఒకటే హారను కొట్టేడు. నేను బురదలోకి దిగేటప్పుడే ఒడ్డు మీంచి రెండు చేతులూ ఊపేడు. నేను గడియారం చూపించి, టైముందని సైగ చేసేను."

"టైముందని నీకెవరు చెప్పేరురా?"

నేను కాఫీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో ఉన్నాను. మా ఆయన నా వైపు చూడలేదు. "ఎవరు చెప్తారు, నేనే అనుకున్నాను" అన్నారు. మా అత్తగారికి ఇప్పటికీ తెలియదు. ఇది చదివితే తెలుస్తుంది. ఆవిడ చదవరు, ఎవరైనా చదివి వినిపిస్తే వినిపించనివ్వండి. నాకు మోయడం విసుగొచ్చింది.

ఆ సాయంత్రం రేవు మెట్ల మీద ఆయన్ని పట్టుకుని అడిగాను. నా పేరు ఎందుకు చెప్పలేదు? ఒక్కసారైనా నన్నెందుకు తిట్టలేదు? తిడితే నాకు సుఖంగా ఉండేది. ఆయన కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని కూర్చున్నారు.

"నువ్వేం చేసేవే? నీ లెక్క కరెక్టే కదా. ఆ సముద్రమే కరెక్టు కాదు" అన్నారు.

నిజంగానే అలా అనుకుంటున్నారు. నన్ను ఓదార్చడానికి అన్న మాట అయితే భరించేదాన్ని. ఇంత జరిగినా నా మాట మీద ఆయనకి ఇసుమంతైనా అనుమానం రాలేదు. నాకు మా ఆయన మీద జాలి, కోపం, ప్రేమ అన్నీ ఒక్కసారే వచ్చి, లేచి ఇంట్లోకి పోయాను.

చిప్పలు స్కూలుకి తీసుకెళ్ళాను. పిల్లలు చేతులు మార్చుకుంటూ చూశారు. భూపరివేష్టిత దేశం పాఠమే. కాస్పియన్ దగ్గరికి వచ్చేసరికి ‘పోటూ పాటూ ఉండవు, రాసుకోండి’ అనాలి.  అనకుండా, బోర్డు మీద రాసి వాళ్ళ వైపు తిరగకుండా నిలబడ్డాను. రాసేవాళ్ళ పెన్నుల చప్పుడు వినిపించింది.

పొద్దున్న కణుపులు లెక్కపెట్టడం మానేశాను. మానేశానంటే, వేలు కదలకుండా చెయ్యి కొంగులో చుట్టుకుంటాను. అయినా లోపల ఎక్కడో లెక్క నడుస్తూనే ఉంటుంది. ఇంట్లో ఏ పని చేస్తున్నా కాలవలో నీరు ఎంత ఉందో నాకు తెలుస్తుంది. వద్దన్నా తెలుస్తుంది.

మా ఆయన ఇప్పుడు రాజోల్లో లారీ బాడీలకి వెల్డింగు చేస్తున్నారు. ఆదివారం ఆదివారం కాలవ దాటి బురదలోకి పీతలకి వెళ్తారు. కిందటి ఆదివారం బుట్ట పట్టుకుని గట్టు మీద నిలబడ్డారు. ఒక కాలు బురదలో పెట్టి, రెండోది గట్టు మీదే ఉంచి, ఇంటి వైపు తిరిగి కేకేశారు.

"ఏమే, ఎంతసేపుందే?"

చెయ్యి కొంగులో ఇంకా బిగించి చుట్టుకున్నాను. "నాకేం తెలుసండి, ఎవర్నయినా అడగండి" అన్నాను. ఆయన నవ్వారు. "ఇంకెవర్నడుగుతానే?" అన్నారు. అలాగే ఒంటికాలి మీద నిలబడ్డారు, నేను చెప్పేదాకా కదిలేలా లేరు. కాకులు అరుస్తున్నాయి. కొంగులోంచి చెయ్యి బయటికి తీశాను.

"రెండు గంటలుందండి."

"ఆయ్" అని వెళ్ళిపోయారు. వెనక్కి తిరిగి చూడలేదు. బురదలో ఆయన అడుగులు పడ్డాయి, కుడికాలికి అయిదు వేళ్ళు, ఎడమకాలికి మూడు. నేను గట్టు మీద కూర్చున్నాను. వంట మానేసి, మా అత్తగారు పిలిచినా పలక్కుండా, రెండు గంటలూ అక్కడే కూర్చుని గాలి ఆగుతుందేమోనని కొబ్బరాకుల వైపు చూస్తూ ఉన్నాను. ఆకులు కదులుతూనే ఉన్నాయి.

నీరు నేను చెప్పిన వేళకే తిరిగింది. మొదట ఎడమకాలి అచ్చు నిండింది, తరవాత కుడికాలిది. అప్పటికే ఆయన గట్టెక్కి బుట్ట దించుతున్నారు. కాళ్ళు కడుక్కుంటూ నా వైపు చూసి, "చూసేవా, నీ లెక్క ఎప్పుడూ తప్పదే" అన్నారు.

ఆ మాటతోనే నాకు హారను వినపడటం మొదలవుతుంది.